గీత మీద నిలబడ్డవాడు

శుక్రవారం క్లాసంటే కొత్తగా చేరిన పిల్లలకి హడలు. ఆరోజు స్వరూప మేడమ్ బోర్డు మీద ఒక ఇంగ్లీషు నుడికారం రాస్తుంది. దాని అర్థం ఆమే చెబుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచి దాన్ని సొంత వాక్యంలో వాడి చూపించాలి. ఒక్కటే షరతు, ఆ వాక్యం నిజమై ఉండాలి. అబద్ధం చెబితే గ్రామరు ఎంత చక్కగా ఉన్నా ఒప్పుకోదు. నిజంగా జరిగినదాని మీద వాడితేనే మాట నోటికి అంటుకుంటుందని ఆమె పట్టుదల.

మాదాపూర్‌లో అద్దాల మేడ అది. అమెరికా ఇన్సూరెన్సు కంపెనీల తరఫున ఫోన్లు ఎత్తే ఆఫీసు. అక్కడ పిల్లల ఇంగ్లీషు సాపు చెయ్యడం స్వరూప ఉద్యోగం. చేరిన కొత్తలో ఆమెకే ఒక ట్రైనరు శిక్షణ ఇచ్చి, మాటలో తెలంగాణ వాసన రాకుండా చూసుకోమన్నాడు. ఆమె చూసుకుంది. ఎంత బాగా చూసుకుందంటే, నాలుగేళ్ళుగా ఆఫీసులో ఎవరితో తెలుగు మాట్లాడినా 'అండి' లేకుండా మాట పూర్తి చెయ్యలేదు. ఇంటికెళ్ళి తండ్రితో మాట్లాడేటప్పుడే నాలుక తనదయ్యేది.

ఆ శుక్రవారం నుడికారం మాత్రం పైనుంచి వచ్చింది. దసరాకి కంపెనీకి పదేళ్ళు నిండుతాయి. 'స్టార్ట్ ఫ్రమ్ స్క్రాచ్' నేర్పించమని హెచ్చార్ కిరణ్మయి కబురు పంపింది. స్వరూప దానికేమీ అనుకోలేదు. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి కథ చెప్పింది. పూర్వం ఇంగ్లండులో పరుగు పందేలకి నేల మీద కర్రతో ఒక గీత గీకేవాళ్ళు. ఆ గీకిన గీతే స్క్రాచ్. బలహీనులని గీతకి నాలుగడుగులు ముందు నిలబెట్టేవాళ్ళు, అది వాళ్ళకి సాయం. ఏ సాయమూ లేనివాడు సరిగ్గా గీత మీదనుంచి పరిగెత్తాలి. అందుకని ఫ్రమ్ స్క్రాచ్ అంటే చేతిలో ఏమీ లేకుండా, వెనకా ముందూ ఎవరూ లేకుండా మొదలుపెట్టడం.

ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో కూడా చెప్పింది. కంప్యూటరు పాడై చేసిన పనంతా పోతే మళ్ళీ ఫ్రమ్ స్క్రాచ్ చేశామనొచ్చు. పప్పు నానబోసి, రుబ్బి, దోసె పోస్తే ఫ్రమ్ స్క్రాచ్. పక్కింటావిడ గిన్నెడు పిండి ఇస్తే, దాంతో దోసె పోసుకుని తిని, ఫ్రమ్ స్క్రాచ్ చేశానంటే అది తప్పు వాడకం. పిల్లలు నవ్వారు.

జశ్వంత్ అనే కుర్రాడు లేచి, మన ఎండీ గారు ఈ కంపెనీని ఫ్రమ్ స్క్రాచ్ మొదలుపెట్టారని ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. స్వరూప ఒక్క క్షణం ఆగింది. ఆగి, 'గుడ్' అంది.

ఆ గుడ్ ఆమె అనకూడనిది. ఎందుకంటే ఆ వాక్యం అబద్ధమని ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆ కంపెనీ పుట్టింది నార్సింగిలో, ఆమె తండ్రి లింగయ్య కోళ్ళ షెడ్డులో. అప్పటికి ఆ వైపు ఇంకా రింగు రోడ్డు లేదు. ఇప్పటి ఎండీ రామ్మోహనరావు గుంటూరు నుంచి నలుగురు కుర్రాళ్ళనీ, ఆరు పాత కంప్యూటర్లనీ వెంటబెట్టుకుని వచ్చాడు. హైటెక్ సిటీ కిరాయిలకి తట్టుకోలేక ఊళ్ళ మీద పడి వెతుకుతున్నాడు. లింగయ్య ఆ మనిషి మొహం చూసి జాలిపడ్డాడు. ఉన్న కోళ్ళన్నీ అమ్మేసి, షెడ్డు కడిగి, వాసన పోయేదాకా సున్నం మీద సున్నం కొట్టించాడు. ఇంటి ఫోను వైరు గోడ మీదుగా షెడ్డులోకి లాగిచ్చాడు. ఆ కంపెనీ మొదటి ఫోను నంబరు లింగయ్య ఇంటి నంబరే. స్వరూప పెద్దమ్మ చనిపోయిన కబురు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది, ఫోను కంప్యూటర్లకి తగిలించి ఉండటం వల్ల. స్వరూప తల్లి చంద్రమ్మ ఆ కుర్రాళ్ళకి ఏడాదిన్నర పాటు జొన్నరొట్టెలు చేసి పెట్టింది. దసరా ముందురోజు ఆయుధ పూజ చేసి కంప్యూటర్లకి కుంకుమ బొట్లు పెట్టాక, రామ్మోహనరావే కొబ్బరికాయ తెచ్చి లింగయ్య చేతిలో పెట్టాడు. స్థలం మీది, మొదటి కాయ మీరే కొట్టాలండి అన్నాడు. లింగయ్య కొట్టాడు.

కిరాయి రామ్మోహనరావు ఏ నెలా ఆపలేదు. ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. స్వరూపకి ఉద్యోగమిచ్చింది కూడా ఆయనే. మొదట్లో ఆమెని 'మా ఓనరు గారి అమ్మాయి' అని అందరికీ చూపించేవాడు. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ మాట మానేశాడు. మీరు మా గడ్డ మీద బతకడానికి వచ్చారని టీవీలో ఎవరో ఒకరు రోజూ అంటుంటే, ఇక్కడ రాళ్ళు తప్ప ఏమున్నాయి, అంతా మేమే కట్టామని ఈయన భోజనాల దగ్గర అనడం మొదలుపెట్టాడు. పొమ్మంటే ఎక్కడికి పోవాలన్న భయం ఆయనకి లోపల్లోపల ఉంది, అది స్వరూపకీ తెలుసు. అయితే భయపడ్డవాడు అవతలివాణ్ణి తుడిచెయ్యాలా? ఆయన చెప్పుకునే కథలో ఏడాదికేడాది ఒక్కొక్కటే రాలిపోయింది. ముందు రొట్టెలు పోయాయి, తర్వాత ఫోను పోయింది, ఆఖరికి షెడ్డు యజమాని కూడా పోయి 'ఒక పాత షెడ్డు' మిగిలింది.

అలాంటి రోజుల్లో లింగయ్యకి ఫోనొచ్చింది. రామ్మోహనరావు స్వయంగా చేశాడు. పదేళ్ళ పండగకి మీరు తప్పకుండా రావాలి, స్టేజీ ఎక్కాలి అన్నాడు. ముసలాయన నేల మీద నిలవలేదు. తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. నా పేరు మైకుల చదువుతరట అని నార్సింగిలో కనిపించినవాడికల్లా చెప్పాడు. నిజానికి పేరు చదువుతామని ఎవరూ అనలేదు. స్టేజీ మీదికి పిలిచి పేరు చదవకుండా ఉంటారా అన్నది ఆయన నమ్మకం. భార్య పోయాక తండ్రి అంత సంబరపడటం స్వరూప చూడలేదు. ఆ సంబరం చూసి, పోన్లే, సర్ మరిచిపోలేదు అనుకుంది. తను అన్న 'గుడ్' కూడా కాస్త తేలికయింది.

పండగకి ముందురోజు ఆమె చేతికి కార్యక్రమం కాగితాలు వచ్చాయి, వ్యాఖ్యానం ఆమెదే కాబట్టి. మొదట ఫ్రమ్ స్క్రాచ్ అంటే ఏమిటో సభకి రెండు మాటల్లో చెప్పాలి. తర్వాత నాటిక. మొదటి దృశ్యం, రాళ్ళగుట్ట. ఒక గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. యువ రామ్మోహనరావు వేషంలో జశ్వంత్ కంప్యూటరు మోసుకుని వస్తాడు. కాపరి నోరు తెరిచి ఆశ్చర్యపోతాడు. కాపరి పాత్ర లింగయ్యగారిది అని రాసి ఉంది.

స్వరూపకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం పట్టుకుని నేరుగా కిరణ్మయి దగ్గరికి వెళ్ళింది. కిరణ్మయి నొచ్చుకుంది. ఎవరో నటుణ్ణి తెస్తే కృత్రిమంగా ఉంటుందని, మీ నాన్నగారైతే సహజంగా ఉంటారని తనే సలహా ఇచ్చిందట, సర్ చాలా మెచ్చుకున్నారట. అక్కణ్ణుంచి రామ్మోహనరావు గదికి వెళ్ళింది. ఆయన లేచి ఎదురొచ్చాడు. మీ నాన్నగారు లేకుండా ఈ ఇంట్లో పండగేమిటమ్మా అన్నాడు. ఆ మాటలో కల్లాకపటం లేదు, అదే ఆమెని ఇంకా మండించింది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, ప్రేమగా అవమానించేవాణ్ణి ఏం చెయ్యాలి?

"నాన్న పేరు చదువుతారా సర్?" అని అడిగింది.

"చదవకపోవడమేంటమ్మా. చివర్లో నటీనటులందరి పేర్లూ చదువుతారు కదా," అన్నాడాయన.

ఇంటికొచ్చి తండ్రిని పోవద్దంది. నిన్ను పిలిచింది సన్మానానికి కాదు, వేషానికని విడమరిచి చెప్పింది. కొత్త చొక్కా దండేనికి వేలాడుతోంది. లింగయ్య దానివంక చూసి, నెమ్మదిగా, గొర్ల కాపరంటే తప్పేమున్నదే, మనం కురుమలం గాదా అన్నాడు. మా నాయిన కాసిండు, నేను కోళ్ళు పెంచిన, గంతే ఫరకు అన్నాడు. వస్తనని మాటిచ్చిన, ఇగ ఎనకకు పోను. స్వరూపకి రామ్మోహనరావు మీదకన్నా తండ్రి మీదే ఎక్కువ కోపం వచ్చింది. పిలిస్తే చాలు పోయే మంచితనమే మనల్ని ముంచిందని గట్టిగానే అంది. అయినా ఆ రాత్రే ఆయన తన గొంగడి దులిపి కొత్త చొక్కా పక్కన పెట్టుకున్నాడు.

బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు మూతపడ్డాయి, సింగరేణి బొగ్గు ఆగి ఊరంతా కరెంటు కోతలు. మర్నాడు పొద్దున స్కూటీ మీద తండ్రిని కూర్చోబెట్టుకుని ఆమె మాదాపూర్ బయల్దేరింది. దారిలో పందిరి కింద సమ్మెలో కూర్చున్నవాళ్ళు లింగయ్య భుజం మీది గొంగడి చూసి జై తెలంగాణ అన్నారు. ఉద్యమానికే పోతున్నాడనుకున్నారు. లింగయ్య నవ్వుతూ చెయ్యి ఊపాడు. స్వరూప పళ్ళు బిగబట్టి బండి నడిపింది.

ఆఫీసు హాలులో మాత్రం జనరేటరు మీద లైట్లు ధగధగలాడుతున్నాయి. స్టేజీ మీద రాళ్ళు పేర్చారు. థర్మోకోల్ రాళ్ళు, మట్టిరంగు పూసినవి. అసలు రాళ్ళని పేల్చి ఆ మేడ కట్టారు, ఇప్పుడు ఉత్తుత్తి రాళ్ళు కొనుక్కొచ్చి పెట్టారు. ఒక పక్కన బల్ల మీద ఆయుధ పూజకి కంప్యూటరు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి.

నాటిక మొదలవబోతుండగా లింగయ్య తెర వెనక కూతురి పక్కకి వచ్చాడు. మొహం మారిపోయి ఉంది. అంతసేపూ కిరణ్మయి ఆయనకి మాటలు నేర్పిందట. మాటలంటే ఒక్కటే మాట. జశ్వంత్ కంప్యూటరు తెచ్చి పెట్టగానే ఈయన 'ఇదేంది దొరా?' అనాలి. 'ఇది మీ భవిష్యత్తు' అని జశ్వంత్ అంటాడు. తెలంగాణ ముసలివాళ్ళు మర్యాదగా 'దొరా' అంటారని కిరణ్మయి ఎక్కడో విందట. నిండు మర్యాద ఇస్తున్నాననుకునే రాసింది.

"గొంగడి నాదే, కప్పుకుంట. కట్టె పట్టుకొమ్మంటె పట్టుకుంట. ఆ మాట మాత్రం నా నోట రాదు బిడ్డా," అన్నాడు లింగయ్య.

ఎందుకు రాదో స్వరూపకి తెలుసు. ఆమె తాత నల్లగొండ దిక్కు ఒక ఊళ్ళో దొర గడీలో వెట్టి చేసేవాడు. పొద్దున లేస్తే దొరా, పడుకోబోతే దొరా. గొర్రెలు ఆయన కాయాలి, మాంసం గడీకి పోవాలి. ఒకరోజు ఆ మాట అనడం మరిచిపోయినందుకు నడిబజారులో నెత్తిన బండ పెట్టి నిలబెట్టారు. ఆ రాత్రే పెళ్ళాన్ని తీసుకుని, భుజాన గొంగడి తప్ప ఏమీ లేకుండా ఊరు విడిచి నడిచొచ్చాడు. ఆయన చేరిన రాళ్ళలోనే నార్సింగి ఇల్లు, షెడ్డు, తర్వాత అన్నీ వచ్చాయి. ఈ ఇంట్ల ఎవ్వని నోటా ఆ మాట రావద్దని కొడుకుతో ఒట్టు వేయించుకుని పోయాడు.

కిరణ్మయికి చెప్పొస్తానని స్వరూప కదిలేలోపే సంగీతం మొదలై తెర లేచింది. ఆమె మైకు అందుకుని, రాసిచ్చిన రెండు మాటలూ చదివింది. చేతిలో ఏమీ లేకుండా మొదలుపెట్టడమే ఫ్రమ్ స్క్రాచ్ అంది. చప్పట్లు మోగాయి. లింగయ్య వెళ్ళి రాళ్ళ మధ్య నిలబడ్డాడు. కొత్త చొక్కా గొంగడి కింద కనపడకుండా ఎవరో సర్ది పంపారు.

జశ్వంత్ కంప్యూటరు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. లింగయ్య దానివంక చూశాడు, మాట్లాడలేదు. తెర చాటునుంచి కిరణ్మయి అందించింది, ఇదేంది దొరా, ఇదేంది దొరా అని. ఆయన కదల్లేదు. పాపం మరిచిపోయాడనుకుని సభలో నవ్వు లేచింది. ముందు వరసలోంచి చివరిదాకా పాకింది. అప్పుడు రామ్మోహనరావు ముందు వరసలోంచి లేచాడు. ముసలాయన్ని ఆదుకుందామనే లేచాడు. నవ్వుమొహంతో, అందరికీ వినపడేలా, "అనవయ్యా లింగయ్యా. దొరా అను, సరిపోతుంది," అన్నాడు.

స్వరూపకి ఇంక ఏమీ వినపడలేదు. మైకు తీసుకుని నడిచి రాళ్ళ మధ్యకి వెళ్ళి తండ్రి పక్కన నిలబడింది. కాలికి తగిలి ఒక థర్మోకోల్ రాయి దొర్లిపోయింది. నాలుగేళ్ళు దాచిన నాలుక ఆమెకి తెలియకుండానే బయటికి వచ్చింది.

"మొన్న శుక్రవారం నా క్లాసుల ఒక తప్పు వాక్యానికి గుడ్ అన్న. ఇయ్యాల దిద్దుతున్న, ఇనుండ్రి," అంది.

నవ్వులు ఆగాయి.

"ఈయన పేరు లింగయ్య. మా నాయిన. ఈ కంపెనీ పుట్టింది ఈయన షెడ్డుల. మొదటి ఫోను ఈయనది, తిన్న రొట్టెలు మా అమ్మవి, మొదటి కొబ్బరికాయ ఈయన చేతిది. కష్టం సర్‌దే, కాదంటలేను. కని గీతకు నాలుగడుగులు ముందల నిలబెట్టినోడు ఒకడుండె. పక్కింటోళ్ళ పిండితోని దోసె పోసి ఫ్రమ్ స్క్రాచ్ అనద్దని నేనే చెప్పిన గద. ఫ్రమ్ స్క్రాచ్ అంటె మా తాత. దొర దగ్గర వెట్టి చెయ్యలేక, గొంగడి ఒక్కటి భుజానేసుకొని ఈ రాళ్ళలకు నడిచొచ్చిండు. ఆ దొరా అన్న మాట ఇగ అననని వచ్చిండు. ఇయ్యాల గదే మాట మా నాయిన తోని అనిపిస్తున్నరు, నవ్వుకుంట."

ఆమె మైకు కొబ్బరికాయ పక్కన పెట్టింది. రామ్మోహనరావు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాటకి అంత కథ ఉందని ఆయనకి నిజంగా తెలియదు. పదేళ్ళు ఈ నేల మీద బతికి, ఇక్కడి మనుషుల చేతి రొట్టెలు తిని, తెలుసుకోవాలని అనిపించకపోవడం ఏం మనిషితనమో ఆయనకే తెలియాలి. లింగయ్య కర్ర తెచ్చి బల్లకి ఆనించాడు, ఎందుకంటే అది ఆఫీసు వాళ్ళది. గొంగడి తీసి మడిచి భుజాన వేసుకున్నాడు. కొత్త చొక్కా అప్పుడు అందరికీ కనపడింది. తండ్రీ కూతుళ్ళు మెట్లు దిగి బయటికి నడిచారు.

స్కూటీ గచ్చిబౌలి దాటింది. తన ఉద్యోగం పోతుందని తండ్రి బాధపడుతున్నాడేమో అనుకుంది స్వరూప. తనకి మాత్రం బాధ లేదు. ఒళ్ళంతా ఇంకా మండుతూనే ఉంది, ఆ మంటలో కొంత గర్వం కూడా ఉంది. అనాల్సింది అనేశాను, ఎవరి పేరు ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాను అనుకుంటోంది.

"నా పేరు చెప్పినవ్, మంచిగనే ఉన్నది," అన్నాడు లింగయ్య వెనకనుంచి. మళ్ళీ తనే, "మా నాయిన పేరు చెప్పకపోతివి గదనే," అన్నాడు.

స్వరూప బండి పక్కకి తీసి ఆపింది. స్టేజీ మీద మా తాత అంది, అంతే. పేరు తెలియక కాదు. తట్టలేదు. అన్ని వందల మంది ముందు, పేరు తీసేశారని మండిపడుతూ నిలబడి, అసలు గీత మీద నిలబడ్డవాడి పేరు తనే వదిలేసింది. ఇప్పటిదాకా ఊరందరి మీదా ఉన్న కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. తండ్రి ఆమె మీద కోప్పడలేదు. పోనీ తియ్, ఎండెక్కుతున్నది అన్నాడు.

దసరా గడిచింది. శుక్రవారం పొద్దున కిరణ్మయి ఫోన్ చేసి, క్లాసు అయిపోయాక ఒకసారి హెచ్చార్‌కి వచ్చి కలవండి, మీ ఐడీ కార్డు కూడా తెచ్చుకోండి అంది. ఆ పిలుపుకి అర్థమేమిటో ఆ మేడలో అందరికీ తెలుసు. స్వరూప సరేనంది. గదిలోకి వెళ్ళేసరికి పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. జశ్వంత్ తల దించుకున్నాడు.

ఆమె బోర్డు తుడిచి, అడ్డంగా ఒక గీత గీసింది. దాని మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో తాత పేరుతో ఒక వాక్యం రాసింది. కురుమ బీరయ్య స్టార్టెడ్ ఫ్రమ్ స్క్రాచ్. రాసుకోండి, ఇది నిజమైన వాక్యం అంది. అందరూ రాసుకునేదాకా నిలబడి చూసింది. తర్వాత మెడలోని కార్డు తీసి చేత్తో పట్టుకుని హెచ్చార్ గది వైపు నడిచింది.